లింబాద్రి గుండెకు మెమో

ఉద్యోగి గుండె పనివేళల్లో ఎంత వేగంగా కొట్టుకోవాలో మా ఆఫీసులో మొట్టమొదట నిర్ణయించినవారు ప్రాంతీయ సంచాలకులు చక్రపాణిగారు. అంతకుముందు ఆ సంగతి ఎవరి గుండె వాళ్లకు వదిలేసి ఉండేది. పాలనాపరంగా అది పెద్ద లోపమని ఆయన వచ్చేదాకా ఎవరికీ తట్టలేదు.

మాది గోనెసంచుల నాణ్యతా మండలి. వడ్లు నింపే సంచులు బరువుకు ఆగుతాయో లేదో లాగి చూసి, ఎత్తు నుంచి పడేసి చూసి, ముద్ర వేసి పంపడం మా పని. నేను సిబ్బంది విభాగంలో సీనియర్ అసిస్టెంటును. ఈ వ్యవహారంలో ఆర్డర్లన్నీ నా చేతి మీదుగానే వెళ్లాయి కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

చక్రపాణిగారు రాజధానిలో ఆరోగ్య పాలన మీద ఏదో శిక్షణకు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చారు. దాని నిండా చేతి పట్టీలు. మణికట్టుకు కట్టుకుంటే గుండె వేగం ఎప్పటికప్పుడు ఆయన గదిలోని టీవీలో కనిపిస్తుంది. మమ్మల్నందరినీ హాల్లో నిలబెట్టి ఆయన ఇలా సెలవిచ్చారు.

"ఉద్యోగి అసత్యము పలుకవచ్చును. హాజరు పట్టిక అసత్యము పలుకవచ్చును. హృదయము మాత్రము పలుకదు. కావున నేటి నుండి శ్రమకు హృదయ వేగమే ప్రమాణము."

రోజూ పొద్దున ఆఫీసు ఆవరణలో అందరూ వ్యాయామం చేయాలి. గుండె నిమిషానికి నూట ఇరవై దాటితే టీవీలో పేరు పచ్చగా, దాటకపోతే ఎర్రగా కనిపిస్తుంది. లిఫ్టుకు తాళం పడింది. చక్రపాణిగారు మాత్రం పట్టీ కట్టుకోలేదు. విధాన నిర్ణేతల హృదయ వివరాలు గోప్యమైనవి కాబట్టి వాటిని ప్రదర్శనకు పెట్టరాదని విడిగా ఒక ఉత్తర్వు ఇచ్చుకున్నారు. అది కూడా నేనే టైపు చేశాను.

మొదటి రోజుల్లో టీవీ మొత్తం పచ్చగా ఉండేది. అందరికంటే పచ్చగా ఉన్నవాడు లింబాద్రి. ల్యాబులో సంచులు లాగి చూసే అసిస్టెంటు. నడివయసు దాటినవాడు, బొజ్జ మనిషి, పైగా షుగరు. నడవమని డాక్టర్లు ఏళ్లుగా చెబుతున్నా వినని వాడు సర్క్యులర్ రాగానే వినక తప్పలేదు. మొదటి రోజు బిల్డింగు చుట్టూ ఒక్క చక్కరు కొట్టి, నీళ్ల మోటారు పక్కన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నోట మాట రాలేదు. టీవీలో అతని గీత పై అంచును తాకి ఆగింది. చక్రపాణిగారు కిటికీలోంచి చూసి తృప్తిగా తలూపారు. ఆ నెల ఉత్తమ శ్రామికుడి శాలువా లింబాద్రికే కప్పారు.

అక్కడితో అతను ఆగిపోయి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆగలేదు. శాలువా కప్పించుకున్న మనిషి మర్నాటి నుంచి ఇంకాస్త ముందే వచ్చి ఉరకడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు చక్కరు మధ్యలో ఆగడం మానేశాడు. ఇంకొన్నాళ్లకు ఉరుకుతూనే పక్కవాళ్లతో మాట్లాడసాగాడు. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకు కొత్త బెజ్జం చేయించుకున్నాడు. షుగరు దిగిందని, ఒక మాత్ర తగ్గించారని క్యాంటీన్‌లో అందరికీ చెప్పాడు. మిగతావాళ్లూ కొద్దో గొప్పో ఆ దారిలోనే పడ్డారు.

ఆ ప్రకారమే టీవీలో పేర్లు ఒక్కొక్కటిగా ఎర్రబడ్డాయి. అందరికంటే ఎర్రగా మారినవాడు లింబాద్రి.

చక్రపాణిగారు నన్ను పిలిచి సిబ్బందిలో ఉత్సాహం సన్నగిల్లిందన్నారు. తెరచాటున ఏదో సోమరితనం ప్రబలుతోందని అనుమానం వెలిబుచ్చారు. లింబాద్రికి మెమో తయారైంది. సదరు ఉద్యోగి పూర్వమువలెనే పరుగెత్తుచున్నట్లు పైకి కనిపించుచున్నను, ఆతని హృదయము అందుకు సహకరించుటలేదు గనుక, సదరు హృదయముపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెనని అందులో రాయించారు.

లింబాద్రి ఆ కాగితం పట్టుకుని నేరుగా ఆయన గదికే వచ్చాడు.

"సార్, నేను ఎప్పటిలెక్కనే ఉరుకుతున్న. ఇంకింత ఎక్కువనే ఉరుకుతున్న. అది లేస్తలేదు. దాన్ని నేనేం జేయాలె?"

చక్రపాణిగారు ఆ ప్రశ్నను సంజాయిషీగా స్వీకరించలేదు. విచారణకు ఆదేశించి, విచారణాధికారిగా అకౌంట్స్ సూపరింటెండెంట్ వామన్‌రావుగారిని వేశారు. వామన్‌రావుగారు ఎవరి జోలికీ పోని మనిషి. పైవాళ్లు ఏ కాగితం ముందు పెట్టినా కళ్లద్దాలు సవరించుకుని సంతకం చేసేవారు. అందుకే మా ఆఫీసులో విచారణలన్నీ ఆయనకే వచ్చేవి.

విచారణకు నిపుణుల అభిప్రాయం కావాలి కాబట్టి పెద్దాసుపత్రి నుంచి డాక్టర్ నస్రీన్‌గారిని పిలిపించారు. ఆవిడ లింబాద్రి నాడి పట్టుకుని చూసి, బాగా మెరుగుపడ్డావని భుజం తట్టింది. తర్వాత చక్రపాణిగారికి ఓపికగా చెప్పింది. గుండె కూడా ఒక కండరమే, పని పెట్టేకొద్దీ బలపడుతుంది, ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతుంది, కండరాల్లోకి కొత్తగా సన్నటి రక్తనాళాలు వస్తాయి, అందుకే నిన్న రొప్పుతూ చేసిన పనిని ఈరోజు మామూలుగా చేసేస్తుంది అని.

"అనగా అదే పనిని తక్కువ ప్రయాసతో పూర్తి చేయుచున్నది," అన్నారు చక్రపాణిగారు.

"అంతే సార్."

"మా సంస్థలో దీనిని పని ఎగవేత అందురు."

డాక్టరుగారు ఇంకోలా వివరించబోయింది. గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలంటే పనిని కొద్దికొద్దిగా పెంచాలని చెప్పింది. శరీరం బలపడేది వ్యాయామం చేస్తున్నప్పుడు కాదని, తర్వాత విశ్రాంతి తీసుకునేటప్పుడేనని చెప్పింది. కొన్ని వారాలు పూర్తిగా మానేస్తే ఈ మార్పులన్నీ పోయి మళ్లీ మొదటికొస్తుందని కూడా చెప్పింది. చక్రపాణిగారు ఒక్క మాట విడవకుండా రాసుకున్నారు. ఆయన అంత శ్రద్ధగా వినడం చూసి డాక్టరుగారు సంతోషంగానే వెళ్లిపోయింది.

ఆవిడ చెప్పిన మూడు మాటల మీదా మూడు ఉత్తర్వులు వచ్చాయి.

మొదటిదాని ప్రకారం సిబ్బంది ఇసుక నింపిన గోనెసంచులు భుజాన వేసుకుని ఉరకాలి. కొన్నాళ్లు టీవీ పచ్చబడింది. తర్వాత శరీరాలు ఆ బరువుకూ అలవాటు పడ్డాయి. దాంతో రెండో ఉత్తర్వు వచ్చింది. శరీరము ఈ అవాంఛనీయ మార్పులను విశ్రాంతి సమయమున చేసికొనుచున్నట్లు నిపుణులు ధ్రువీకరించినందున, విశ్రాంతి రద్దు చేయడమైనది. ఆదివారాలు పోయాయి. వ్యాయామం తర్వాత ఎవరూ కూర్చోకుండా కుర్చీలు తీయించి గోదాములో వేయించారు. మా టైపిస్టు నడుము పట్టేసి సెలవు పెట్టింది. జవాను మోకాలు వాచింది. అయినా ముందస్తు అనుమతి లేకుండా ఏ ఉద్యోగీ తన శరీరమును మార్చుకొనరాదని ఆ ఉత్తర్వు చివర స్పష్టంగానే ఉంది.

వీటికి భయపడి జనం వేరే దారులు వెతుక్కున్నారు. చిక్కటి చాయ్ మీద చాయ్ తాగి వచ్చేవారు కొందరు. పచ్చిమిరపకాయలు నమిలేవారు కొందరు. టపాలు చూసే గుమాస్తా ఒకతను సరిగ్గా వ్యాయామం వేళకు అత్తగారికి ఫోన్ చేసేవాడు. ఆమె ఎత్తగానే పచ్చబడేవాడు. అన్నిటికంటే బాగా పనిచేసింది మాత్రం ఆడిట్ పార్టీ రైలు దిగిందన్న పుకారు. అది పుట్టిన పూట ఒక్కరూ అడుగు కదపకుండానే ఆఫీసు మొత్తం పచ్చగా వెలిగిపోయింది. చక్రపాణిగారు ఆ రోజు టీవీకి ఫొటో తీయించి, సంస్కరణలు ఫలించాయని రాజధానికి పంపారు.

మూడో ఉత్తర్వు లింబాద్రి ఒక్కడికే. సదరు ఉద్యోగి తన శరీరమును పూర్వస్థితికి పునరుద్ధరించవలెను. అంటే వ్యాయామం పూర్తిగా మానాలి. గోదాములోంచి ఒక కుర్చీ తెప్పించి, చక్రపాణిగారి గది బయట వేసి, అతన్ని అందులో కూర్చోబెట్టారు. పూటపూటకూ క్యాంటీన్ నుంచి మైసూరుపాకు, పంచదార ఎక్కువేసిన చాయ్ పంపేవారు. తనకు షుగరుందని లింబాద్రి మొత్తుకున్నాడు. మొదటి నెలలో కూడా ఉన్నది గదా, అప్పుడు హృదయము చక్కగా కొట్టుకొన్నదని చక్రపాణిగారు గుర్తుచేశారు.

ఆ మైసూరుపాకు మా విభాగంవాళ్లం పంచుకుని తిన్నాం. లింబాద్రి మాత్రం తెల్లవారుజామున కాలువ గట్టు మీద ఎవరికీ తెలియకుండా ఉరుకుతూనే ఉన్నాడు. ఎందుకొచ్చిన గొడవ, కొన్నాళ్లు మానుకోరాదా అని నేనే అడిగాను. వాళ్ల నాయన షుగరుతోనే కాలు తీయించుకుని మంచంలో పోయాడని చెప్పాడు. కాలువ గట్టు మీద ఉరుకుతున్నప్పుడు తన కాళ్లు తన కాళ్లలాగా ఉంటాయన్నాడు. వారం తిరక్కుండానే ఎవరో చూసి చెప్పారు. అనధికార వ్యాయామం అని ఇంకో అభియోగం చేరింది.

ఈలోగా చక్రపాణిగారి కంట ఒక అద్భుతం పడింది. టీవీలో ఎన్నడూ ఎర్రబడని పేరు ఒకటుంది. పొద్దున పచ్చగా ఉంటుంది. భోజనాల వేళ పచ్చగా ఉంటుంది. కుర్చీ లేక కిటికీ గట్టు మీద కూర్చుని బిల్లులు చూసేటప్పుడు కూడా పచ్చగానే ఉంటుంది. అది వామన్‌రావుగారి పేరు.

చక్రపాణిగారు స్వయంగా అకౌంట్స్ విభాగానికి నడిచి వచ్చి ఆయన ఎదుట నిలబడ్డారు. వామన్‌రావుగారు గబుక్కున లేచారు. చేతులు వణుకుతున్నాయి, నుదుట చెమట. దాన్ని సంచాలకులు వినయంగా తీసుకున్నారు. ఏమాత్రం కదలకుండా ఇంతటి శ్రమ ఎలా సాధిస్తున్నారని అడిగారు. ఏం లేదు సార్, ఊకనే కూసుంటున్న అని వామన్‌రావుగారు ఉన్నమాట చెప్పారు. దాన్ని నిరాడంబరతగా తీసుకున్నారు.

ఆ వారంలోనే ఆయనకు సహజ శ్రామికుడు అని బిరుదు ఇచ్చారు. ఆయన నిలువెత్తు ఫొటో గేటు దగ్గర పెట్టారు. రోజూ సాయంత్రం సిబ్బంది ఆయన ఎదుట నిలబడి, ఆయన ఎలా కూర్చుంటున్నారో గమనించి నేర్చుకోవాలి. సర్వీసంతా ఎవరి కంటా పడకుండా గడిపిన మనిషి ఇప్పుడు గేటు దాటేటప్పుడు తన ఫొటో దగ్గర కాస్త ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని లోపలికి వచ్చేవారు. ఆయన నవ్వగా నేను చూసింది ఆ రోజుల్లోనే.

ఒకనాడు ఆయన భార్య విమలాబాయిగారు మా ఇంటికి వచ్చింది. మాదీ వాళ్లదీ ఒకటే గల్లీ. లోపలికి వచ్చి కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"మనిషి నాలుగుమార్లు తింటున్నడు, అయినా కర్రలెక్క అయితున్నడు. చలిల ఫ్యాను పెట్టుమంటడు. నిద్రనే లేదు. అడిగితే కసురుతడు. ఆఫీసుల కసరతు చేయిస్తున్నరు, గందుకే సన్నబడ్డ అంటడు. నిజమేనామ్మా?"

ఆఫీసులో ఆయన చేస్తున్న కసరత్తు ఏమిటో ఆమెకు చెప్పాను. మర్నాడే ఇద్దరినీ డాక్టర్ నస్రీన్‌గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. గొంతు తడిమి చూసింది. చేతులు చాపమని వేళ్ల మీద ఒక కాగితం పెడితే అది గాలికి ఆడినట్టు ఆడింది. రక్తపరీక్షలోనూ అదే తేలింది. గొంతులోని థైరాయిడ్ గ్రంథి అదుపు తప్పి పనిచేస్తోంది. గుండె వేగంగా కొట్టుకోవడమే కాకుండా మధ్యమధ్య లయ తప్పుతోంది. శిక్షణ పొందిన గుండె నెమ్మదిస్తుంది, ఇది విశ్రాంతిలో కూడా పరుగెడుతోంది, ఇలాగే వదిలేస్తే ప్రమాదం అని చెప్పి మాత్రలు రాసింది.

"ఇవి ఏసుకుంటే గుండె తగ్గుతదా డాక్టరమ్మా?" అని అడిగారు వామన్‌రావుగారు.

"తగ్గుతుంది."

"ఎంతకొస్తది?"

"అందరికీ ఎంత ఉంటుందో అంతకు."

ఆయన ముఖం చిన్నబోయింది. అందరిలా ఉండటం ఎలా ఉంటుందో ఆయనకు ముప్పై ఏళ్లుగా తెలుసు.

సంగతి చక్రపాణిగారికి చేరింది. సరిగ్గా అప్పుడే మండలి అధ్యక్షులు మా ఆఫీసు సంస్కరణలు చూడటానికి వస్తున్నారు. డాక్టరుగారికి ఒక లేఖ రాయించారు. సదరు ఉద్యోగి హృదయ వేగము ఈ సంస్థ సాధించిన ప్రగతికి తార్కాణమైనందున, దానిని తగ్గించు ఎట్టి చికిత్సనైనను అధ్యక్షులవారి పర్యటన ముగియు వరకు వాయిదా వేయగలరు. డాక్టరుగారు ఆ లేఖ అడుగునే, మందులు ఈ పూట నుంచే మొదలుపెట్టాలి, లేకపోతే ప్రాణానికి ప్రమాదం అని రాసి తిప్పి పంపింది. లేఖ తిరిగి వచ్చినందున వారికి అభ్యంతరము లేనట్లు భావించడమైనది అని చక్రపాణిగారు దాని మీద రాశారు.

మాత్రలు వేసుకుంటున్నారా అని నేను వామన్‌రావుగారిని అడిగాను. ఆయన జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించారు. ఒక్కటీ తీయలేదు.

"అరుంధతమ్మా, ఇన్నేండ్ల సర్వీసుల నా పేరు మైకుల ఎవలన్న పిలిచిన్రా? ఈ ఒక్క మీటింగు కానియ్యి. ఎనకసీర ఏసుకుంట. ఇంట్ల చెప్పకు."

ఇంట్లో చెప్పాను. విమలాబాయిగారు రెండు రోజులు దగ్గర కూర్చుని మింగించింది. ఆయన నాలుక కింద పెట్టుకుని పెరట్లో ఉమ్మేశారని తర్వాత తెలిసింది.

అధ్యక్షులవారి సభ మూడో అంతస్తు హాల్లో. లిఫ్టు అన్నాళ్లూ మూసి ఉండటంతో తుప్పు పట్టి కదల్లేదు. అధ్యక్షులవారిని ఇద్దరు జవాన్లు చెరో చెయ్యీ పట్టుకుని పైకి తెచ్చారు. ఆయన చాలాసేపు సోఫాలో కళ్లు మూసుకుని కూర్చుని, తర్వాత లేచి మెట్లెక్కడం వల్ల కలిగే మేలు గురించి ప్రసంగించారు.

వేదిక మీద రెండు ప్రదర్శనలు పెట్టారు. ఒక పక్క పరుగు యంత్రం, దాని మీద లింబాద్రి. ఇంకో పక్క శాలువా కప్పిన కుర్చీలో వామన్‌రావుగారు. వెనుక పెద్ద తెర మీద ఇద్దరి గుండెల గీతలు. ఎంత పరుగెత్తినా శ్రమ పడని ఉద్యోగికీ, ఏమీ చేయకుండానే శ్రమించే ఉద్యోగికీ గల తేడా ప్రత్యక్షంగా చూడవచ్చునని చక్రపాణిగారు మైకులో చెప్పారు. తర్వాత వామన్‌రావుగారి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా పిలిచారు. హాలంతా చప్పట్లు.

వామన్‌రావుగారు లేచి నమస్కారం పెట్టబోయారు. తెర మీద ఆయన గీత నిట్టనిలువుగా లేచింది. మళ్లీ చప్పట్లు. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. కళ్లు ఎవరికోసమో వెతికినట్టు ఒకసారి తిరిగాయి, తర్వాత కుర్చీతో సహా పక్కకు పడిపోయారు. తెర మీద గీత పిచ్చిపట్టినట్టు గెంతుతోంది. ముందు వరుసలో అధ్యక్షులవారు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

లింబాద్రి పరుగు యంత్రం ఆగేదాకా ఆగలేదు. దూకి వచ్చి, ల్యాబులో సంచిని ఎత్తినట్టు వామన్‌రావుగారిని భుజాన వేసుకుని మెట్ల వైపు ఉరికాడు. నేను వెనకాలే పరుగెత్తాను. రెండో అంతస్తు దగ్గరే నాకు ఊపిరి ఆడలేదు. అతను మాత్రం గోడకు ఆయన తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఒక్క మెట్టు తడబడకుండా దిగుతున్నాడు. గేటు దగ్గర అధ్యక్షులవారి కారు ఉంది. అనుమతి కావాలన్నాడు డ్రైవరు. లింబాద్రి వామన్‌రావుగారిని వెనక సీట్లో పడుకోబెట్టి, తలుపు వేస్తూ నడుపు అన్నాడు. ఆ గొంతు విని డ్రైవరు బండి తీశాడు.

చక్రపాణిగారు నాతో పాటు ఆటోలో ఆసుపత్రికి వచ్చారు. అప్పటికి వామన్‌రావుగారికి సెలైన్‌తో మందు ఎక్కుతోంది. విమలాబాయిగారు కాళ్ల దగ్గర నిలబడి, ఆయన పాదం రెండు చేతులతో పట్టుకుని ఉంది. మంచం పక్కన యంత్రంలో గుండె అంకె కనిపిస్తోంది. చక్రపాణిగారు రోగిని చూడలేదు. అలవాటు కొద్దీ ఆ అంకెనే చూస్తూ నిలబడ్డారు. అది నెమ్మదిగా పడిపోతోంది. కొంతసేపు చూసి, బాధగా డాక్టరుగారి వైపు తిరిగారు.

"తగ్గిపోవుచున్నదండీ."

"తగ్గాలి సార్," అంది డాక్టరుగారు. "తగ్గితేనే బతుకుతాడు."

బతికారు. నెలపైన సెలవులో ఉండి, మందులు పద్ధతిగా వాడి, కాస్త ఒళ్లు చేసి తిరిగి డ్యూటీలో చేరారు. అప్పటికి గేటు దగ్గర ఆయన ఫొటో తీసేశారు. సహజ శ్రామికుడి హృదయము ఔషధ ప్రభావమున క్షీణించినందున బిరుదు ఉపసంహరించడమైనదని ఉత్తర్వు వెళ్లింది.

మిగిలింది లింబాద్రి విచారణ. చక్రపాణిగారు నివేదికను తానే తయారుచేసి పెట్టారు. మెట్లు దిగేటప్పుడు కూడా లింబాద్రి చేతికి పట్టీ ఉంది. ఆ కొద్దిసేపట్లో అతని గుండె నిర్దేశించిన స్థాయిని దాటింది. దాని మీద నివేదిక ఇలా ఉంది: అవసరము కలిగినప్పుడు సదరు హృదయము సంపూర్ణముగా పనిచేయగలదని రుజువైనందున, ఇన్నాళ్లు అది పనిచేయకపోవుట ఉద్దేశపూర్వకమని నిర్ధారణ అయినది. సాధారణ పరుగులో గుండె లేవకపోవడం నేరం. మనిషిని మోసుకుని దిగితే లేవడం ఆ నేరానికి సాక్ష్యం. తర్కంలో ఎక్కడా సందు లేదు. సస్పెన్షన్ ఉత్తర్వు కూడా టైపయి సిద్ధంగా ఉంది. విచారణాధికారి సంతకం ఒక్కటే తక్కువ.

వామన్‌రావుగారిని పిలిపించారు. నేను పక్కనే కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన నివేదికను మొదటి నుంచి చివరిదాకా చదివారు. కాగితాన్ని చదివి చూడటం ఆయన సర్వీసులో అదే మొదటిసారి అనుకుంటాను. చదివి, మడతపడిన అంచు సరిచేసి, టేబుల్ మీద పెట్టారు.

"నేను దీని మీద సంతకం పెట్ట సార్. ఈయన ఉరకకపోతే నేను లేను."

చక్రపాణిగారికి మొదట అర్థం కాలేదు. తర్వాత ముందుకు వంగి, నమ్మలేనట్టు ఆయన చేతుల వైపు చూశారు. అవి టేబుల్ అంచు మీద కదలకుండా ఉన్నాయి.

"నా ఎదుట నిలబడి ఇట్టి మాట పలుకుచున్నారు. మీ గుండె కొట్టుకొనుట లేదా?"

"కొట్టుకుంటుంది సార్. గోలీ ఏసుకునే వచ్చిన."

చక్రపాణిగారు నా వైపు తిరిగి, దీన్ని ఏ నిబంధన కింద ఉల్లంఘనగా రాయవచ్చో చూడమన్నారు. చూసి చెబుతానన్నాను. ఆ పని మీద నేను ఇంకా ఏమీ చూడలేదు. నివేదిక సంతకం లేకుండానే ఉండిపోయింది. ఆ తర్వాత చక్రపాణిగారు పదోన్నతి మీద రాజధానికి వెళ్లారు. అక్కడ ఇప్పుడు ఉద్యోగులు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీల్చాలన్న దాని మీద ముసాయిదా తయారవుతోందని విన్నాను.